పైలీగ్‌లోకి ఎక్కితే క్లబ్ అప్పులు తీరతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెలాఖరున లండన్‌లోని వెంబ్లీలో ఛాంపియన్‌షిప్ (ఇంగ్లండ్ రెండో డివిజన్) ప్లేఆఫ్ ఫైనల్, అంటే పైనున్న ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కే చివరి జట్టును తేల్చే మ్యాచ్, అయిందంటే చాలు, హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. ఛాంపియన్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాలివ్వలేని స్థితికి రావడం కళ్లారా చూసిన ఊరు కాబట్టి, ఇక్కడ ఆ ప్రశ్నలకు పదును కాస్త ఎక్కువే. పదేపదే వచ్చేవాటిని దశలవారీగా కింద పెట్టాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లండ్‌వి, ఎందుకంటే అక్కడి క్లబ్బుల ఖాతాలు ఎవరైనా చూడొచ్చు. రూపాయల్లో చెప్పినచోట పౌండును 115గా లెక్కేశాం. రేటు మారుతుంటుంది కాబట్టి అది అంచనాకే.

## ఎక్కక ముందు

ప్రీమియర్ లీగ్‌లోకి వస్తే అప్పులన్నీ తీరిపోతాయంటారు, నిజమేనా?

చాలావరకు కాదు. ప్రమోషన్‌తో పెరిగేది ఆదాయం. అందులోంచి జీతాలు, ఆటగాళ్ల కొనుగోలు వాయిదాలు, వడ్డీలు పోగా ఏమైనా మిగిలితేనే అప్పు తగ్గుతుంది. అలా మిగలడం అరుదు, ఎందుకంటే ఆదాయం పెరిగిన వేసవిలోనే ఖర్చూ పెరుగుతుంది. జీతం పెరగ్గానే మణికొండలో పెద్ద ఫ్లాట్ బుక్ చేసి ఈఎమ్‌ఐ రెట్టింపు చేసుకున్నవాడి పరిస్థితే ఇదీనూ. ఏ క్లబ్ గురించి అడిగినా మేం ముందు చూసేవి మూడు: అప్పు ఎవరికి, కట్టాల్సిన గడువెప్పుడు, జట్టు మళ్లీ కిందపడితే జీతాలు వాటంతటవే తగ్గేలా కాంట్రాక్టులు రాసుకున్నారా లేదా. లీగ్ పట్టికలో స్థానం ఆ తర్వాతి మాట.

‘ప్రపంచంలోకెల్లా ఖరీదైన మ్యాచ్’ అంటారు కదా, గెలిస్తే అసలు ఎంత వస్తుంది?

2024 ఫైనల్లో సౌతాంప్టన్ 1-0తో లీడ్స్‌ను ఓడించింది. ఆ గెలుపు విలువ మూడు సీజన్లలో కలిపి కనీసం 14 కోట్ల పౌండ్లని ఆడిట్ సంస్థ డెలాయిట్ అంచనా వేసింది. మన లెక్కలో 1,600 కోట్ల రూపాయల పైమాటే. అయితే అది ట్రోఫీతో పాటు చేతికిచ్చే చెక్కు కాదు. ఒక సీజన్ టీవీ వాటా, మైదానం ఆదాయం, స్పాన్సర్‌షిప్, ఆ తర్వాత కిందపడితే ఆసరాగా లీగ్ రెండేళ్లు ఇచ్చే పారాచూట్ సొమ్ము, ఇవన్నీ కలిపిన మొత్తం అది. అది కూడా ఖర్చులు తీయని లెక్క.

పోలిక కోసం చెప్పాలంటే, 2023-24లో అట్టడుగున నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు ప్రీమియర్ లీగ్ నుంచి వచ్చిన వాటా దాదాపు 11 కోట్ల పౌండ్లు. పారాచూట్ లేని ఛాంపియన్‌షిప్ క్లబ్‌కు టీవీ, లీగ్ పంపకాల ద్వారా వచ్చేది సుమారు కోటి పౌండ్ల స్థాయిలో ఉంటుంది. ఆశంతా ఈ పదిరెట్ల తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఇంకా పైకి రాని క్లబ్బులే ఎందుకంత అప్పుల్లో ఉంటాయి?

పైకి రావడానికే అప్పు చేస్తాయి కాబట్టి. అప్పు చేసి పప్పుకూడు అన్న మాట ఛాంపియన్‌షిప్‌కు అతికినట్టు సరిపోతుంది. ఆ డివిజన్‌లో క్లబ్బుల మొత్తం జీతాలు మొత్తం ఆదాయాన్ని దాటిన సీజన్లు చాలానే ఉన్నాయి. అంటే వంద వస్తే వందకు పైగా జీతాలకే పోతోంది. విద్యుత్తు, బస్సులు, అకాడమీ ఖర్చు దాని మీద అదనం.

డార్బీ కౌంటీ ఇందుకు మంచి ఉదాహరణ. యజమాని ఏళ్ల తరబడి డబ్బు పోశారు. 2018లో సొంత మైదానం ప్రైడ్ పార్క్‌ను యజమానికే చెందిన మరో కంపెనీకి అమ్మి, ఖాతాల్లో లాభం చూపించారు. 2019 ప్లేఆఫ్ ఫైనల్లో ఆస్టన్ విల్లా చేతిలో ఓడారు. 2021 సెప్టెంబరులో అడ్మినిస్ట్రేషన్, అంటే దివాలా రక్షణలోకి వెళ్లారు. ఆ సీజన్లో దానికి 12 పాయింట్లు, ఖాతాల ఉల్లంఘనలకు 9 పాయింట్లు, మొత్తం 21 పోయి మూడో డివిజన్‌కు జారారు. ఒక్క మ్యాచ్ గెలిచి ఉంటే కథ మారేదనేవాళ్లున్నారు. మా దృష్టిలో ఒక్క మ్యాచ్ మీద నిలబడే లెక్క లెక్కే కాదు.

యజమాని తన జేబులోంచి ఇచ్చాడు కదా, అది కూడా అప్పేనా?

ఖాతాల్లో అప్పే. కాకపోతే బ్యాంకు అప్పులాంటిది కాదు. బ్రైటన్‌కు టోనీ బ్లూమ్ ఇచ్చిన వందల మిలియన్ల పౌండ్లకు వడ్డీ లేదు. ఫుల్హామ్‌లో షాహిద్ ఖాన్ తన అప్పును ఎప్పటికప్పుడు షేర్లుగా మార్చుకుంటూ వచ్చారు, అంటే ఆ మేరకు అప్పు చెరిగిపోయినట్టే. ప్రమాదం యజమాని మనసు మారినప్పుడో, చేతిలో డబ్బు అయిపోయినప్పుడో మొదలవుతుంది. బోల్టన్‌లో ఎడ్డీ డేవీస్ తనకు రావాల్సిన భారీ మొత్తాన్ని వదులుకున్నారు. అయినా ఆయన తర్వాత రోజువారీ ఖర్చులకు డబ్బు పోసేవాళ్లు లేక 2019లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. పాత అప్పు మాఫీ అయినా నెలనెలా వచ్చే లోటు ఆగదు.

## ఎక్కిన వేసవిలో

ప్రమోషన్ వచ్చిన రోజే కొత్త బాకీలు పుడతాయని విన్నాను. ఏంటవి?

ముందుగా బోనస్‌లు. ఆటగాళ్లు, కోచ్‌లు, సిబ్బంది కాంట్రాక్టుల్లో ప్రమోషన్ బోనస్ రాసి ఉంటుంది. వుల్వర్‌హాంప్టన్ ఛాంపియన్‌షిప్ గెలిచి ఎక్కిన 2017-18లో సుమారు 5.7 కోట్ల పౌండ్ల నష్టం చూపింది. అందులో దాదాపు 2 కోట్లు ప్రమోషన్ బోనస్‌లే. గెలిచిన ఏడాదే నష్టం పెరగడం చూసి చాలామంది బిత్తరపోతారు.

తర్వాత పాత క్లబ్బులకు కట్టాల్సినవి. ఆటగాణ్ని కొన్నప్పుడు ‘జట్టు ప్రీమియర్ లీగ్‌కు ఎక్కితే ఇంకో పది లక్షలు’ అని రాసుకున్న షరతులన్నీ ఒకేసారి మేల్కొంటాయి. అద్దెకు తెచ్చుకున్న ఆటగాణ్ని ఎక్కితే కొనాల్సిందేనన్న షరతు ఉంటే అదీ అంతే. జీతాలు వాటంతటవే పెరిగే క్లాజులు జులై నుంచి అమల్లోకి వస్తాయి.

మూడోది మైదానం. 2023లో ఎక్కిన ల్యూటన్ టౌన్ స్టేడియం కెనిల్‌వర్త్ రోడ్‌కు 1905 నుంచి చరిత్ర ఉంది. పట్టేది 11 వేల మంది చిల్లర. బయటి జట్టు అభిమానులు వరుస ఇళ్ల మధ్యలోంచి, ఇళ్ల కింద తొలిచిన దారిలోంచి లోపలికి వెళ్లాలి. ప్రీమియర్ లీగ్ ప్రమాణాలకు తేవడానికి ఒకవైపు స్టాండ్‌ను మళ్లీ కట్టారు, ఫ్లడ్‌లైట్లు, టీవీ, ప్రెస్ ఏర్పాట్లు మార్చారు. ఖర్చు సుమారు కోటి పౌండ్లు. పని గడువులోగా పూర్తికాక బర్న్‌లీతో తొలి సొంతగడ్డ మ్యాచ్ వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ సీజన్ చివర జట్టు కిందికి దిగింది, మరుసటి సీజన్లో ఇంకో మెట్టు జారింది.

టీవీ డబ్బు ఎలాగూ వస్తుంది కదా, దాన్ని చూపించి ముందే అప్పు తీసుకుంటే తప్పేంటి?

తప్పేం లేదు, చాలా క్లబ్బులు చేసేదే. లీగ్ డబ్బు సీజన్ పొడుగునా విడతలుగా వస్తుంది. ఆటగాళ్లను మాత్రం ఆగస్టులోనే కొనాలి. ఆ మధ్యకాలాన్ని పూడ్చడానికి, రాబోయే టీవీ వాటానో, అమ్మిన ఆటగాడి తాలూకు వాయిదాలనో తాకట్టు పెట్టి రుణం తీసుకుంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ బ్యాంకు ఈ వ్యాపారంలో బాగా తెలిసిన పేరు.

చిక్కెక్కడంటే, ఈ ఏడాది సొమ్ము నిరుడే తినేస్తే ఈ ఏడాది జీతాలకు వచ్చే ఏడాది సొమ్మును తాకట్టు పెట్టాలి. జట్టు పైనున్నంత కాలం ఆ గొలుసు తెగదు. కిందపడిన మే నెలలో ఒక్కసారిగా తెగుతుంది, వాయిదా మాత్రం అలాగే ఉంటుంది.

ఆటగాణ్ని 3 కోట్ల పౌండ్లకు కొంటే ఖాతాలో 60 లక్షలే కనిపిస్తోంది. ఇదేం మాయ?

కొన్న ధరను కాంట్రాక్టు ఏళ్ల మీద సమంగా పరిచి ఖర్చు రాస్తారు. 3 కోట్లు, అయిదేళ్ల కాంట్రాక్టు అయితే ఏడాదికి 60 లక్షలు. కాంట్రాక్టు ఎంత పొడవున్నా అయిదేళ్లకు మించి పరచకూడదని 2023 డిసెంబరులో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు నియమం పెట్టుకున్నాయి. అమ్మినప్పుడు మాత్రం లాభం మొత్తం ఆ ఏడాదే చూపిస్తారు. మూడేళ్లకు అతణ్ని 2 కోట్లకు అమ్మారనుకోండి. పుస్తకంలో మిగిలిన విలువ 1.2 కోట్లు కాబట్టి 80 లక్షలు లాభం! కొన్నదానికన్నా కోటి తక్కువకు అమ్మి కూడా లాభం చూపొచ్చన్నమాట. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరే లేదు కాబట్టి అమ్మితే దాదాపు అంతా లాభమే. సొంతూరి కుర్రాళ్లను ముందుగా అమ్మేయడానికి కారణం ఇదే.

ఇదంతా పుస్తకాల లెక్క. నగదు వేరే దారిలో నడుస్తుంది. 3 కోట్లను అవతలి క్లబ్‌కు మూడు నాలుగు వాయిదాల్లో కడతారు. అప్పుల సంగతి చూడాలంటే ఆ వాయిదాల పట్టికే అసలైన కాగితం.

## మొదటి సీజన్లో

మొదటి ఏడాది కిందపడకుండా నిలబడితే గట్టెక్కినట్టేనా?

ఊపిరి పీల్చుకున్నట్టు, అంతే. 2024 ఫైనల్ విజేత మొదటి సీజన్లో నిలబడితే 14 కోట్ల అంచనా 30 కోట్ల పౌండ్లు దాటుతుందని డెలాయిటే చెప్పింది. కానీ నిలబడటమే ఈమధ్య కష్టమైపోయింది. 2023-24లో కొత్తగా వచ్చిన ల్యూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ కిందపడ్డాయి. మరుసటి ఏడాది లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్ మూడూ అదే దారి.

నిలబడ్డాక దెబ్బతిన్న క్లబ్ బ్రాడ్‌ఫర్డ్ సిటీ. 1999లో ఎక్కింది. 2000 మే నెలలో చివరి రోజు లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి బతికి బయటపడింది. ఆ సంబరంలో వేసవిలో పేరున్న ఆటగాళ్లను భారీ జీతాలకు తెచ్చింది. ‘ఆరు వారాల పిచ్చి’ అని తర్వాత ఛైర్మనే ఒప్పుకున్నారు. 2001లో కిందపడింది, 2002లో అడ్మినిస్ట్రేషన్, 2004లో మళ్లీ అడ్మినిస్ట్రేషన్, 2007కల్లా నాలుగో డివిజన్. కిందపడే భయం ఉన్న ఏడాది కన్నా అది తీరిన వేసవే ఆ క్లబ్‌ను ముంచింది.

బ్రైటన్ 2017లో ఎక్కి అక్కడే కుదురుకుంది. ఆటగాళ్లను తక్కువకు వెతికి తెచ్చి ఎక్కువకు అమ్మే పద్ధతితో 2022-23లో 12 కోట్ల పౌండ్లకు పైగా లాభం చూపింది. అంటే ప్రమోషన్ తర్వాత ఆరో సీజన్‌లో.

ఖర్చే పెట్టకుండా డబ్బు దాచుకుని కిందికి దిగిపోతే లాభమే కదా?

ఒకసారి పనిచేసింది. బర్న్‌లీ 2014లో ఎక్కి, జీతాలు అదుపులో పెట్టి, 2015లో దిగి, 2016లో తిరిగి ఎక్కింది. అప్పుల్లేని క్లబ్‌గా పేరు తెచ్చుకుంది. ఆ పేరే కొనుగోలుదారులను రప్పించింది. 2020 డిసెంబరులో కొత్త యజమానులు కొనుగోలులో కొంత భాగాన్ని అప్పుతో నడిపించారు. ఆ భారం క్లబ్ మీదే పడింది. రుణం 6.5 కోట్ల పౌండ్లు, కిందపడితే అందులో పెద్ద భాగం వెంటనే కట్టాలన్న షరతు. 2022లో అదే జరిగింది. ఆటగాళ్లను అమ్మి కట్టుకోవాల్సి వచ్చింది.

బ్లాక్‌పూల్‌ది మరో రకం. 2010-11లో ఒక్క సీజన్ పైన ఉంది, ఆటగాళ్ల మీద పెద్దగా పెట్టలేదు. ఆ సొమ్ము క్లబ్‌లో నిలిచిందా అంటే, 2017లో లండన్ హైకోర్టు అప్పటి యజమానుల కుటుంబం 2.6 కోట్ల పౌండ్లకు పైగా అక్రమంగా బయటికి తరలించిందని తేల్చింది. 2019లో క్లబ్ కోర్టు నియమించిన రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది.

నష్టాలకు పరిమితి ఉంది కదా? నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు పాయింట్లు ఎందుకు కోశారు?

మూడేళ్లకు 10.5 కోట్ల పౌండ్ల నష్టం వరకు ప్రీమియర్ లీగ్ ఒప్పుకునేది, అంటే ఏడాదికి 3.5 కోట్లు. ఛాంపియన్‌షిప్‌లో గడిపిన ఏడాదికి 1.3 కోట్లే. 2022లో ఎక్కిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 20 మందికి పైగా ఆటగాళ్లను తెచ్చుకుంది. దాని మూడేళ్లలో రెండు కింది డివిజన్‌వి కాబట్టి పరిమితి 6.1 కోట్లే. దాన్ని 3.45 కోట్లు దాటింది. బ్రెన్నన్ జాన్సన్‌ను అమ్మితే లెక్క సర్దుకునేదే, కానీ ఖాతా జూన్ 30తో ముగుస్తుంది, అమ్మింది సెప్టెంబరు 1న. ఆగితే ఎక్కువ ధర వచ్చిందన్న వాదనను కమిషన్ ఒప్పుకోలేదు. 2024 మార్చిలో 4 పాయింట్లు పోయాయి. అయినా జట్టు నిలబడింది.

2026-27 నుంచి జట్టు ఖర్చు ఆదాయంలో 85 శాతం దాటకూడదన్న కొత్త పద్ధతికి క్లబ్బులు ఓటేశాయి. ఈ నియమాలేవీ అప్పు మీద పరిమితి కావన్నది గుర్తుంచుకోవాలి.

## కిందికి జారాక

పారాచూట్ డబ్బు ఎంత, ఎన్నేళ్లు?

ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ సమానంగా పంచుకునే టీవీ వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. ఒక్క సీజనే పైన ఉండి దిగితే రెండేళ్లే. మొదటి ఏడాది చేతికి సుమారు 4.5 నుంచి 5 కోట్ల పౌండ్లు. మధ్యలో మళ్లీ ఎక్కితే మిగతాది ఆగిపోతుంది.

కిందపడితే జీతాలు సగం అవుతాయట. మరి బాధేంటి?

కాంట్రాక్టులో రాసి ఉంటేనే తగ్గుతాయి. రెలిగేషన్ క్లాజ్ ఉంటే 40-50 శాతం కోత మామూలు. 2017లో దిగిన సండర్‌ల్యాండ్‌లో కొందరికి ఆ క్లాజ్ లేదు. ప్రీమియర్ లీగ్ జీతాలు ఛాంపియన్‌షిప్‌లో కట్టాల్సి వచ్చి, పారాచూట్ సొమ్ము అక్కడే కరిగి, మరుసటి ఏడాది మూడో డివిజన్‌కు జారింది. తిరిగి పైకి రావడానికి 2025 దాకా పట్టింది. ఇంకో సంగతి: క్లాజ్ జీతాన్ని తగ్గిస్తుంది, బదిలీ వాయిదాలను కాదు.

ఎక్కకముందు ఎగ్గొట్టిన బాకీలు తర్వాత వెంటాడతాయా?

వెంటాడతాయి. షెఫీల్డ్ యునైటెడ్ 2022-23లో ప్రమోషన్ వేటలో ఉండగానే వేరే క్లబ్బులకు వాయిదాలు సమయానికి కట్టలేదు, కొనుగోళ్లపై నిషేధం పడింది. అయినా ఎక్కింది. ఒక సీజన్ పైన ఉండి దిగాక, పాత ఎగవేతలకు 2024-25ను 2 పాయింట్ల కోతతో మొదలుపెట్టింది.

అడ్మినిస్ట్రేషన్ అంటే అప్పులు మాఫీ అయినట్టేనా?

కొందరి అప్పులు మాత్రమే. ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు ఇవ్వాల్సింది పూర్తిగా కట్టాలి, లేదంటే లీగ్‌లో ఆడనివ్వరు. బ్రిటన్ పన్నుల శాఖకు 2020 డిసెంబరు నుంచి మళ్లీ ప్రాధాన్యం వచ్చింది. కోత పడేది క్యాటరింగ్‌వాడికి, ప్రింటింగ్‌వాడికి, అంబులెన్స్ సేవలకు. 2010 ఫిబ్రవరిలో, ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఈ స్థితికి వచ్చిన తొలి క్లబ్ పోర్ట్స్‌మత్. రెండేళ్ల కిందటే ఎఫ్‌ఏ కప్ గెలిచింది! 9 పాయింట్లు పోయాయి, కిందపడింది. మామూలు అప్పులవాళ్లకు పౌండుకు 20 పెన్స్ ఇస్తామని ఒప్పందం రాశారు. 2013లో అభిమానులే డబ్బు పోగేసి కొనేనాటికి జట్టు నాలుగో డివిజన్‌కు చేరింది.

## మన దగ్గర

హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది కదా, మరి డబ్బులేమయ్యాయి?

గెలిస్తే వచ్చే డబ్బే తక్కువ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ట్రోఫీ ఎత్తింది. ఛాంపియన్‌కు బహుమతి 6 కోట్ల రూపాయలు. జట్టు జీతాలకు అప్పట్లో లీగ్ పెట్టిన పరిమితి 16.5 కోట్లు. విమానాలు, హోటళ్లు, గచ్చిబౌలి స్టేడియం ఖర్చు వేరే. ఇంగ్లండ్ తరహా టీవీ వాటా ఇక్కడ లేదు కాబట్టి లోటు యజమానులే భరించాలి. జీతాల బాకీలతో ఫిఫా కొనుగోళ్లపై నిషేధం వేసింది, 2023-24లో ఆటగాళ్లు వెళ్లిపోయారు, జట్టు అట్టడుగున నిలిచింది. తర్వాత చేతులు మారింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరూ మార్చుకుంది.

శ్రీనిధి దక్కన్ ఐఎస్‌ఎల్‌లోకి ఎక్కి ఉంటే బాగుపడేదా?

ఐఎస్‌ఎల్‌కు కింది మెట్టయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండుసార్లూ ఈ హైదరాబాద్ క్లబ్ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ రెండేళ్లూ పంజాబ్ ఎఫ్‌సీ, మహమ్మడన్ స్పోర్టింగ్ ఎక్కాయి. ఎక్కిన క్లబ్‌కు ఫ్రాంచైజీ రుసుము లేకపోవడం మేలే. కానీ జీతాలు, ప్రయాణాలు పెరుగుతాయి, అందుకు తగ్గ ఆదాయం రాదు. మహమ్మడన్‌లో మొదటి సీజన్లోనే జీతాల బాకీలతో ఆటగాళ్లు నిరసనకు దిగారు. 2025 జులైలో అసలు లీగే కొన్నాళ్లు నిలిచిపోయింది.

క్లబ్ అప్పుల లెక్క నేనే చూసుకోవాలంటే ఎక్కడ చూడాలి?

ఇంగ్లండ్ క్లబ్బులైతే కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితం. క్లబ్ పేరుతో పాటు దాని మాతృసంస్థ పేరూ వెతకండి, అప్పు తరచూ అక్కడ దాగి ఉంటుంది. ‘ఛార్జెస్’ విభాగంలో ఏది ఎవరికి తాకట్టు ఉందో తేదీతో సహా కనిపిస్తుంది. వార్షిక ఖాతాలో ఏడాదిలోపు చెల్లించాల్సినవి, ఏడాది దాటినవి విడిగా ఉంటాయి. మొదటిది నగదు నిల్వ కన్నా బాగా పెద్దదైతే ఆరా తీయాల్సిందే. చివర్లో ‘బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాతి సంఘటనలు’ అన్న నోట్ వదలొద్దు, కొత్త రుణాలు, ఆటగాళ్ల అమ్మకాలు అక్కడ ఉంటాయి. షరతులతో కూడిన బాకీలు కూడా నోట్స్‌లోనే.

మన క్లబ్బులకైతే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీకి వంద రూపాయలు కట్టి పత్రాలు చూడొచ్చు. ఇంగ్లండ్‌లో ప్రైవేటు కంపెనీకి ఖాతాలు దాఖలు చేయడానికి తొమ్మిది నెలల గడువుంది. జూన్‌తో ముగిసే ప్రమోషన్ ఏడాది లెక్కలు మరుసటి మార్చికి బయటికొస్తాయి. అప్పటికి ఆ జట్టుకు మిగిలేవి పది మ్యాచ్‌లకు అటూఇటూ.